తరువాతి ఎత్తు అడిగిన కర్ర

సాయంత్రం నాలుగవుతుండగా మక్వాల చేతులు వాటంతట అవే ఒళ్ళోంచి లేచేవి. ఆమె వాటిని మళ్ళీ దించుకుని నల్ల శాలువా కింద దాచుకునేది.

అంతకు ముందు ఏళ్ళలో, దేశం మొత్తానికీ కలిపి పెట్టే చదరంగం పోటీ జరిగినన్నాళ్ళూ, ఆ వేళకి ఇంట్లో పని ఇంకోలా ఉండేది. కిరసనాయిలు పొయ్యి మీద టీ నీళ్ళు పడేసి, రేడియో తిప్పి, మంచు కురుస్తున్నా సరే లోగిలి వైపు కిటికీ బార్లా తెరిచి, పీట వేసుకుని కూర్చునేది. కింద లోగిట్లో, ఎదురు వసారా కొయ్యస్తంభాలకి పెద్ద చదరంగపు బల్ల వేలాడేది. దాని పక్కన పొడవాటి కర్ర పట్టుకుని భర్త ఎర్మిలే నిలబడేవాడు. మాస్కోలోనో లెనిన్‌గ్రాడ్‌లోనో ఎవరో ఒక పావు కదిపితే ఆ సంగతి రేడియోలో చెప్పేవారు. ఎర్మిలేకి వినపడదు. యుద్ధంలో కెర్చ్ దగ్గర పడిన గుండు ఆయన రెండు చెవులూ పట్టుకుపోయింది. అందుకని మక్వాల విని చేతులతో చెప్పేది. ముందు నిలువు వరుస ఎన్నోదో వేళ్ళతో, తరవాత అడ్డు వరుస. చెవి పట్టుకుంటే గుర్రం. పిడికిలి బిగిస్తే తాబేలు, అంటే వాళ్ళ భాషలో ఐమూలగా పోయే పావు. నుదుటి మీద చెయ్యి ఆనిస్తే రాజు. ఆయన కర్ర కొసతో రేకు పావుని ఎత్తి, కొత్త గడి మేకుకి తగిలించేవాడు. జనం ఆహా అనేవారు, అయ్యో అనేవారు, ఒకరినొకరు తిట్టుకునేవారు. ఆయన మాత్రం కిటికీ వైపు తిరిగి కర్రతో రాళ్ళ మీద రెండుసార్లు కొట్టేవాడు. టక్, టక్. తరవాత ఏమిటని.

ఆ చప్పుడుకి మక్వాల చేతులు లేచేవి. ఇప్పుడు కర్ర లేకపోయినా నాలుగింటికి లేస్తున్నాయి.

ఆ ఏడు పోటీ వాళ్ళ ఊళ్ళోనే, త్బిలీసిలోనే పెట్టారు. ఎర్మిలే ట్రాము బళ్ళ కార్ఖానాలో వడ్రంగి. పోటీ వస్తోందని తెలిసిన దగ్గర్నుంచీ విరిగిన బళ్ళలోంచి తీసిన అక్రోటు చెక్కలు ఇంటికి మోసుకొచ్చి కొత్త బల్ల చేశాడు. "మన ఊళ్ళో ఆట. పాత బల్ల మీద చూపిస్తే ఊరికే నామర్దా," అనేవాడు, చెవిటివాళ్ళు మాట్లాడే పెద్ద గొంతుతో. డిసెంబరు చివర్లో దానికి లక్క పూసి ఆరబెట్టి, చేతులు కడుక్కుంటానని పంపు దగ్గరికి వెళ్ళి, అక్కడే కూలబడ్డాడు. మక్వాల వెళ్ళేసరికి పంపు ఇంకా పోతూనే ఉంది.

నలభై రోజుల మైల. అద్దానికీ రేడియోకీ నల్లగుడ్డ కప్పారు. పల్లెనుంచి ఎర్మిలే అక్క ఎఫెమియా వచ్చి కూర్చుంది, తమ్ముడి ఆత్మకి ఏ లోటూ రాకుండా చూసుకోవడానికి. ఆమెకి వయసుతో వినికిడి తగ్గింది కాని మాట తగ్గలేదు. రోజూ కిటికీలో గ్లాసుడు నీళ్ళు మార్చేది. లోగిలి అంతా కూడా మైల పట్టింది. ఒక్క ఇంట్లోంచీ రేడియో వినపడలేదు. చెప్పులు కుట్టే సురేన్ ఆర్మీనియా వాడు, ఎర్మిలేకి చుట్టం కాడు. అయినా గడ్డం గీసుకోవడం మానేశాడు. రొట్టెలు కాల్చే ఇంటి జుజూన తన మొగుణ్ణి ఈల కూడా వెయ్యనిచ్చేది కాదు.

పోటీ మొదలైన రోజు సాయంత్రం, వెలుగు పోయీ పోని వేళ, మక్వాల కాళ్ళ కింద చప్పుడయింది.

టక్, టక్.

ఆమె గది కింద ఎర్మిలే పనికొట్టు. ఆయన పోయినప్పటి నుంచీ తాళం వేసే ఉంది. మక్వాల కదలకుండా కూర్చుంది. కాసేపయ్యాక మళ్ళీ, అంతే నిదానంగా, టక్, టక్. గిన్నెలో నానుతున్న ఎర్రచిక్కుడు గింజల మీద ఆమె చెయ్యి అలాగే ఉండిపోయింది. నీళ్ళ చల్లదనం మోచేతి దాకా ఎక్కింది.

"వదినా, కింద ఏదైనా చప్పుడు వినిపించిందా?"

"నా కడుపులో చప్పుడే నాకు వినపడదు," అంది ఎఫెమియా. "ఏం చప్పుడు?"

"కర్ర చప్పుడు. ఆయన కొట్టినట్టే."

ఎఫెమియా అల్లిక ఒళ్ళో పెట్టుకుంది. భయపడలేదు. ఇలాంటివి ఆమెకి పొయ్యిలో నిప్పంత మామూలు. "నలభై దాకా ఇంటిచుట్టూ తిరుగుతాడే. తిరగనీ. నువ్వు మాత్రం పలక్కు. పలికావో, వాడు పోవలసిన దారి మర్చిపోతాడు. అర్థమయిందా?"

అర్థమయింది. మక్వాలకి అర్థం కానిది ఒక్కటే. పలక్కపోతే ఆయన ఎంతసేపని అలా నిలబడతాడు?

మర్నాడూ చప్పుడయింది. ఆ మర్నాడూ. తర్వాత ఒకరోజు మంచు పడి, లోగిలి రాళ్ళు తెల్లబడ్డాయి, ఆ రోజు నుంచి చప్పుడు ఇంకా గట్టిపడింది. దానితో పాటు గుసగుసలు కూడా. గోడల్లోంచో నేల్లోంచో తెలియదు, మగగొంతులు, మాట విడిపడకుండా. జీవితమంతా ఎదురుచూసిన ఆట ఆయన గుమ్మంలోకి వచ్చింది. ఆయన కర్ర పట్టుకుని నిలబడి తరవాత ఏమిటని అడుగుతున్నాడు. చెప్పవలసిన మనిషి నల్లగుడ్డ కప్పిన రేడియో పక్కన చేతులు దాచుకుని కూర్చుంది.

కనీసం ఆట ఏమవుతోందో తెలుసుకుందామని పంపు దగ్గర జుజూనని అడిగింది.

"జుజూనా, మన ఊరి ఆటగాడు ఎలా ఆడుతున్నాడే?"

జుజూన బిందె నిండకుండానే ఎత్తేసుకుంది. "ఏ ఆటగాడు? ఏ ఆట? నాకేం తెలుసమ్మా, పిండి పిసుక్కునేదాన్ని. నీకెందుకిప్పుడవన్నీ, లోపలికి పో, చలి." అంటూనే వెళ్ళిపోయింది. ఊరంతా గోడల మీద పోటీ కాగితాలు అంటించి ఉంటే, రొట్టెలమ్మే మనిషికి తెలియకుండా ఉంటుందా? సురేన్ ఆమెని చూసి తల వంచుకుని, మెట్ల కింద నుంచి పిల్లిలా జారుకున్నాడు. మగవాళ్ళెవరూ ఆమె ఎదుట పడటం లేదు. నడిచినా అడుగు చప్పుడు రావడం లేదు. పోయింది ఎర్మిలే కాదేమో, తానేనేమో, అందుకే ఎవరూ తన మొహం చూడటం లేదేమో అని ఒకసారి అనిపించి, మక్వాల మెట్ల మీదే ఆగి తన చెయ్యి తాను గిల్లుకుంది.

యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఏడు ఎర్మిలే కూడా అలాగే ఉండేవాడు, ఇంట్లో ఉండీ లేనట్టు. ఒక చలికాలమంతా గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. పిల్లలు నిలవలేదు వాళ్ళకి, ఇంట్లో ఇద్దరే, ఆ ఇద్దరిలో ఒకరికి వినపడదు. చుట్టాలొచ్చి అరిచేవారు, కాగితం మీద రాసి చూపించేవారు. ఆయన కాగితం మడిచి పక్కన పెట్టేవాడు. ఒకనాడు మక్వాల పెట్టె అడుగు నుంచి తన తండ్రి చదరంగం తీసి ఆయన ముందు పరిచింది. చిన్నప్పుడు నాన్న దగ్గర నేర్చుకుంది. పెళ్ళయ్యాక ఆ ఊసే ఎత్తలేదు. తెల్ల బంటుని ముందుకి జరిపి ఊరుకుంది. చాలాసేపటికి ఆయన చెయ్యి గోడ వైపు నుంచి ఇటు తిరిగింది. ఈ ఆటకి చెవులక్కర్లేదు. వసంతం వచ్చేసరికి ఆయన ఓడిపోయి కోపం తెచ్చుకునేంత మనిషయ్యాడు. ఆ మరుసటేడు ఆమెని ఓడించాడు. ఆ తరవాత మొదటి బల్ల చేసి లోగిట్లో వేలాడదీశాడు. నేర్పింది మక్వాల అని లోగిలికి తెలియదు. ఆమె చెప్పలేదు. ఆయన చెప్పబోతే కిటికీలోంచి కళ్ళెర్రజేసేది.

మంచు పడ్డ తరవాత కొన్నాళ్ళకి ఒక సాయంత్రం కింద చప్పుడు ఆగలేదు. టక్, టక్. విరామం. టక్, టక్. మళ్ళీ. జవాబు రాని మనిషి కొట్టే కొట్టుడు అది. ఎఫెమియా పొయ్యి దగ్గర కునుకుతోంది. మక్వాల లేచింది. ఆత్మ దారి తప్పితే తప్పనీ, ముందు ఆ మనిషిని అలా నిలబెట్టి ఉంచడం తన వల్ల కాదు. శాలువా తలమీదికి లాక్కుని, చేతి దీపం తీసుకుని, కొయ్యమెట్లు ఒక్కొక్కటే దిగింది. పనికొట్టు తలుపు కింద సన్నగా వెలుగు కనపడింది. తాళం లేదు. తలుపు తోసింది.

లోపల లోగిలి మగవాళ్ళందరూ ఉన్నారు.

రంపపు పొట్టులో, ఒకరి మోకాళ్ళలో ఒకరు ఇరుక్కుని, బూట్లు గుమ్మం దగ్గర విప్పేసి, ఉన్ని మేజోళ్ళతో కూర్చున్నారు. టోపీలు చేతుల్లో ఉన్నాయి. గోడకి ఎర్మిలే కొత్త బల్ల వేలాడుతోంది. దాని పక్కన ఆయన కర్ర పట్టుకుని సురేన్. అందరికీ ముందు, పిండి చేతులతో, జుజూన.

ఒకరిద్దరు బూట్ల కోసం చెయ్యి చాపారు.

"అక్కా," అన్నాడు సురేన్. "చంపెయ్యక్కా. పాపం లేదు."

"నేను చెప్తూనే ఉన్నా వీళ్ళకి," అంది జుజూన. "ఆవిడకి తెలిస్తే గుండె పగుల్తుందిరా, నోరు మూసుకుని చూడండిరా అని. గుసగుసలాడమంటే గేదెల్లా గుసగుసలాడుతున్నారు. మైలింటి దగ్గర ఆట పెట్టకూడదు, నిజమే మక్వాలా. కానీ మనవాడు గెలుస్తున్నాడే! చూడకుండా ఎలా ఉంటాం? నీకు వినపడకూడదనే కింద పెట్టుకున్నాం."

వినపడకూడదని ఆమె కాళ్ళ కిందే పెట్టుకున్నారు. ఆ లోగిలి తెలివి ఎప్పుడూ అంతే. మక్వాల కర్ర వైపు చూసింది.

"మరి అదెందుకు కొడుతున్నావు సురేన్?"

సురేన్ కర్రని అప్పుడే చూసినట్టు చూశాడు. "ఇదా? అలవాటక్కా. అన్న అలాగే కొట్టేవాడుగా. కొట్టకపోతే ఎత్తు రాదన్నట్టు ఉంటుంది మాకు. రోజూ ఎత్తులు మందుల కొట్టాయనకి ఫోనులో వచ్చేవి; ఇవాళ ఆ ఫోను పాడయిందట, ఎత్తు తెలియడం లేదు. అందుకని... కొడుతూ కూర్చున్నా."

మక్వాలకి నవ్వు రావాలి. రాలేదు. దీపం ఉన్న చెయ్యి కిందికి వాలిపోయింది. ఇన్నాళ్ళూ భయపడింది నిజమే; కాని ఆ భయంలో ఒక మనిషి ఉన్నాడు. ఇప్పుడు మేజోళ్ళేసుకున్న ఇరుగుపొరుగు ఉన్నారు.

"ఎప్పట్నుంచి ఇక్కడ?"

"మంచు పడ్డ రోజు నుంచక్కా. అంతకు ముందు పోటీ జరిగే నాటకశాల బయట పెట్టిన బల్ల దగ్గర నిలబడి చూసేవాళ్ళం. మంచులో నిలబడలేక, ఆ రోజు అన్న గుమ్మం పైన దాచే తాళం చెవి తీసుకుని లోపలికొచ్చాం."

"అంతకు ముందు ఎవరూ రాలేదా ఈ కొట్టులోకి?"

"నా బిడ్డల మీద ఒట్టు. ఎవరూ రాలేదు. ఎందుకక్కా?"

మంచుకి ముందు ఆమె విన్నది. పోటీ మొదలైన రోజే విన్నది. చిక్కుడు గింజల మీద చెయ్యి పెట్టి విన్నది. ఆ మాట నోటిదాకా వచ్చింది. వాళ్ళ మొహాలు చూసి మింగేసింది.

"ఏం లేదు," అంది. "బల్ల బయటికి తీసుకురండి. అది దాని చోట ఉండాలి. లక్క పాడవుతుంది ఈ చెమ్మలో."

పైకి వెళ్ళి రేడియో మీది గుడ్డ తీసింది. లోపలినుంచి గొంతు వచ్చేసరికి ఎఫెమియా చెవులకి కూడా తాకింది. ఉలిక్కిపడి లేచింది.

"ఏమే! నలభై కాలేదు, ఇంట్లో రేడియో పెట్టావా? సిగ్గుందా? రేపు నేను ఊళ్ళో తలెత్తుకు తిరగాలా వద్దా?"

"పాటలు కాదు వదినా. అంకెలు చెప్తారు, అంతే."

"పలక్కూడదని చెప్పానా? వాడు దారి తప్పుతాడని చెప్పానా?"

మక్వాల కిటికీ తెరుస్తోంది. చలి ఒక్కసారి గదిలోకి వచ్చి పడింది. "తప్పితే ఎక్కడికి పోతాడు వదినా," అంది. "ఇంటికేగా వస్తాడు."

ఆ సాయంత్రం నుంచి బల్ల లోగిట్లో వేలాడింది. సురేన్‌కి చెవులు రెండూ ఉన్నాయి. కిటికీలోంచి కేకేస్తే చాలు. కాని మైలలో ఉన్న ఆడది కేకేయదు. మక్వాల చేతులతోనే చెప్పింది. సురేన్‌కి ఆ గుర్తులు సగమే తెలుసు. ఆమె చెవి పట్టుకుంటే తాబేలుని ఎత్తేవాడు.

"గుర్రంరా, గాడిదా!" అని అరిచేవారు వెనక నుంచి.

"గాడిద కూడా ఉందా ఇందులో?" అనేవాడు సురేన్.

"ఉంది. కర్ర పట్టుకుంది."

నవ్వులు లేచి, కిటికీ గుర్తొచ్చి, సగంలో ఆగిపోయేవి. అప్పుడు మక్వాల చెయ్యి ఊపేది, పరవాలేదని. ఎఫెమియా గోడ వైపు తిరిగి జపం చేసుకునేది, మధ్యలో ఒకసారి మాత్రం, "ఇంతకీ నల్లవాళ్ళా తెల్లవాళ్ళా మనవాళ్ళు?" అని అడిగి, మళ్ళీ జపంలో పడింది.

ఆట ఆగి జనం ఇళ్ళకి పోయాక మక్వాల నేల మీద చాప వేసుకుని, చెవి చెక్కలకి ఆనించి వినేది. కింద పనికొట్టు మళ్ళీ తాళంలో ఉంది. ఏమీ లేదు. చెక్క సాగిన చప్పుడు, ఎలుక, నీళ్ళ గొట్టం. అంతే. నేనే పొమ్మన్నానా? తలుపు తోసి వెలుగు చూపించాక, ఆయనకి ఇక అక్కడ పనేముందనుకుని వెళ్ళిపోయాడా? మొదటి రోజు కొట్టింది ఆయనే అయితే, ఆ రోజే చేతులు లేచినప్పుడు లేవనిచ్చి ఉంటే? ఎవర్నీ అడగడానికి లేదు. జుజూనతో ఒకసారి, "నేల కింద కర్ర చప్పుడు ఆయనదే అనుకున్నానే ఇన్నాళ్ళూ," అంది.

"అయ్యో పిచ్చిదానా, ఎంత హడలిపోయావో," అంది జుజూన, ఆమెని దగ్గరికి తీసుకుని. "ఇప్పుడు నిమ్మళంగా ఉందా?"

"ఊఁ," అంది మక్వాల.

నలభయ్యో రోజు వచ్చింది. ఆ రోజే ఊరి ఆటగాడిది ఆఖరి ఆట. గెలిస్తే కిరీటం అతనిదే. మధ్యాహ్నం లోగిట్లో పొడవాటి బల్లలు వేసి భోజనాలు పెట్టారు. తేనె, ఎండుద్రాక్ష కలిపిన ఉడికిన గోధుమలు, ఎర్రచిక్కుడు, చేప, జుజూన రొట్టెలు. గ్లాసులు ఒకదానికొకటి తాకించకుండా ఎత్తారు. ప్రతివాడూ తాగే ముందు రొట్టెముక్క మీద రెండు చుక్కల ద్రాక్షసారా వదిలాడు, ఎర్మిలే వాటా. సురేన్ లేచి, "అన్నకి చెవులు లేవుగాని మా అందరికన్నా ముందు విన్నాడు ఈ ఆట మన ఊరికి వస్తుందని," అని, గ్లాసు ఖాళీ చేసి కూర్చున్నాడు.

నాలుగయింది. అందరూ కిటికీ వైపు చూశారు. మక్వాల లేచి పైకి వెళ్ళింది.

అది పెద్ద ఆట. చాలా పావులు పోయాయి. మనవాడికి ఒక బంటు ఎక్కువ ఉంది కాని రాజు ఒంటరిగా బయట పడ్డాడు. చీకటి పడ్డాక ఎవరో బల్లకి దీపం పట్టుకున్నారు. మక్వాల వేళ్ళు మొద్దుబారాయి. చివరికి రేడియో చెప్పింది: వేళ అయిపోయింది, ఆట ఇవాళ్టికి నిలిపారు, మిగతాది రేపు ఉదయం. దానికి ఆమె దగ్గర గుర్తు లేదు. రెండు అరచేతులూ ఎదురుగా పెట్టి ఆపింది.

"ఆపేశారా!" లోగిలంతా మూలిగింది.

"గెలుస్తాడు, రాసిపెట్టుకో. బంటు ఉంది."

"బంటుని నీ నెత్తిన పెట్టుకో. రాజుని చూశావా, చొక్కా లేకుండా మంచులో నిలబడ్డట్టున్నాడు."

"నీ నోట మన్నుపడ!"

దెబ్బలాడుకుంటూనే పోయారు. రాత్రి ఎవరికీ నిద్రపట్టదు, తెల్లారేసరికి మళ్ళీ ఇక్కడే.

పైన ఎఫెమియా మూట కట్టుకుంటోంది; పొద్దున్నే బస్సు. అద్దం మీది గుడ్డ తీసి మడిచింది. కిటికీలో నీళ్ళ గ్లాసు పారబోసింది. తరవాత తలుపు వెనక నుంచి చీపురు తెచ్చి మరదలి చేతిలో పెట్టింది. గొంతు మొదటిసారి మెత్తగా ఉంది.

"ఇంక ఒక్క పని ఉందమ్మా. మా పల్లెలో పెళ్ళామే చెయ్యాలి. ఆ మూల నుంచి గుమ్మం దాకా ఊడ్చుకుంటూ రా. దుమ్ము గడప దాటిందా, వాడూ దాటినట్టే. వెనక్కి చూడకుండా పోతాడు. పాపం, తిరిగి తిరిగి అలిసిపోయి ఉంటాడు."

మక్వాల మూలకి వెళ్ళింది. నేల మీద రొట్టె పొడి, వంటలు కిందికి దించేటప్పుడు ఒలికిన గోధుమ గింజలు, అక్రోటు పెంకు, గిన్నెలు మోసిన సురేన్ బూట్లనుంచి రాలిన బురద. వంగి చీపురు నేలకి ఆనించింది. ఒక్కసారి ఊడిస్తే గింజలు దొర్లుతాయి. ఆమె వంగి అలాగే ఉంది. వదిన ఎదురుచూస్తోంది. లోగిట్లో ఎవరో ఆఖరి తలుపు వేసుకున్నారు.

మక్వాల నిలబడింది.

"రేపు ఊడుస్తాను వదినా."

"రేపేమిటే! నలభై ఇవాళ. రేపటికి లెక్క దాటిపోతుంది."

"ఆట అవలేదు."

ఎఫెమియా నోరు తెరిచింది. ఈ ఇంట్లో ఇన్నాళ్ళుండీ ఏమీ అర్థం కాలేదనుకుందో, ఏదో అర్థమయిందనుకుందో తెలియదు. "నువ్వూ నీ ఆటా," అని, మూట మీద ముడి ఇంకోసారి బిగించి, మంచం ఎక్కి గోడ వైపు తిరిగి పడుకుంది.

రేపు అని వదినకి చెప్పింది. ఏ రేపో మక్వాల తనకి తాను కూడా చెప్పుకోలేదు. చీపురుని తలుపు వెనక దాని చోట నిలబెట్టింది. గింజలు కాలికి తగలకుండా గోడ పక్కనుంచి నడిచి, పొయ్యి దాకా వెళ్ళి, రెండు గ్లాసుల టీకి నీళ్ళు పెట్టింది.